పబ్లిక్ పాలసీ పీజీ: ఒక్క సమస్యను పట్టుకుని రెండేళ్లు చదవడం ఎలా

ముందే చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. పబ్లిక్ పాలసీలో పీజీ చేసినంత మాత్రాన సర్కారు కొలువు రాదు. సివిల్స్‌కైనా గ్రూప్-1కైనా ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు, ఈ పట్టాకు అదనపు మార్కులేమీ లేవు. మరి ఎందుకు చదవాలి? ఒక ప్రజా సమస్య చేతికిస్తే దాని మీద ఏ చట్టం ఉంది, ఏ జీవో నడుస్తోంది, డబ్బు ఏ పద్దు నుంచి వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది, ఏం మారిస్తే కదులుతుంది అన్నది రెండు పేజీల్లో రాసి అధికారి ముందు పెట్టగలగడానికి. ఆ రెండు పేజీలు రాయడం వస్తే చదువు వంటబట్టినట్టే.

అది తరగతి పాఠాలతో మాత్రమే రాదు. ఎకనామిక్స్ ఒక గదిలో, లా మరో గదిలో, స్టాటిస్టిక్స్ ఇంకో గదిలో చెబుతారు. వాటిని కలిపి కుట్టుకోవాల్సింది విద్యార్థే. అందుకు మాకు తెలిసిన మంచి దారి, మొదటి సెమిస్టర్‌లోనే ఒక్క సమస్యను ఎంచుకుని, రెండేళ్లూ ప్రతి సబ్జెక్టునూ దాని మీదే ప్రయోగించడం. ఇక్కడ ఉదాహరణగా తీసుకున్న ప్రశ్న: కౌలు రైతుకు బ్యాంకు పంట రుణం ఎందుకు అందదు?

ఎక్కడ చేరాలి

పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, పబ్లిక్ పాలసీ ఒకటి కావు. ప్రభుత్వ యంత్రాంగం ఎలా ఏర్పడింది, ఎవరి అధికారం ఎంత అన్నది మొదటిది. ఏం చేయాలి, ఎంత ఖర్చుతో, ఫలితం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది అన్నది రెండోది. ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాల్లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ విభాగాలున్నాయి. పాలసీ పేరుతో నడిచే కోర్సులు కొత్తవి: బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో మాస్టర్స్ 2014లో మొదలైంది, హైదరాబాద్ గీతంలో కౌటిల్య స్కూల్ 2021లో వచ్చింది. ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ బాంబేలలోనూ ఉంది. ప్రవేశ పరీక్షల పద్ధతి తరచూ మారుతుంటుంది కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ తప్ప దేన్నీ నమ్మొద్దు.

బ్రోచర్‌లో ఫొటోలు వదిలేసి మూడు చూడండి. స్టాటిస్టిక్స్, పబ్లిక్ ఫైనాన్స్ తప్పనిసరా, ఐచ్ఛికమా? ఇంటర్న్‌షిప్ ఎన్ని వారాలు, ఏ ఆఫీసుల్లో? గత రెండు బ్యాచ్‌ల డిసర్టేషన్ల (చివర్లో రాసే పరిశోధన వ్యాసాల) శీర్షికలు ఏమిటి? మూడోది అడిగితే చూపించడానికి వెనకాడే చోట చేరకపోవడం మంచిది.

సివిల్స్‌లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఆప్షనల్ తీసుకుందామనుకునే వాళ్లకు లెక్క వేరు. ఆప్షనల్ రెండు పేపర్లు కలిపి 500 మార్కులు. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో తక్కువ ఫీజుతో ఆ ఎంఏ చేస్తే సిలబస్ చాలావరకు కలిసొస్తుంది. లక్షల ఫీజుకు అప్పు చేసి ప్రైవేటు పాలసీ కోర్సులో చేరి, పక్కనే సివిల్స్‌కు కోచింగ్ తీసుకోవడం మాత్రం రెండు పడవల మీద కాళ్లే.

చేరే ముందు

శాతాలు, సగటు, మధ్యగతం, గ్రాఫు చదవడం మళ్లీ ఒకసారి తిరగేయండి. పదో తరగతి స్థాయి చాలు. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ నేర్చుకోండి. ఇంగ్లిష్ తడబడే వాళ్లు రోజుకో పత్రిక సంపాదకీయాన్ని 150 మాటల్లో కుదించి రాస్తే మూడు నెలల్లో చెయ్యి తిరుగుతుంది.

తెలుగు మీడియం వాళ్లు కుంచించుకుపోతుంటారు గానీ ఈ రంగంలో వాళ్ల చేతిలో ఉన్న సరుకు చిన్నది కాదు. అడంగల్, 1-బి, పహాణీ లాంటి భూమి రికార్డులు చూసి ఏ గడిలో ఏముందో చెప్పగలగడం, పంచాయతీ కార్యదర్శి మాటలో అసలు అర్థం పట్టుకోవడం పెద్ద నగరాల నుంచి వచ్చిన సహాధ్యాయులకు ఏడాది పట్టినా రాదు.

సమస్యను చిన్నది చేయడం

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 'తెలుగు రాష్ట్రాల్లో వ్యవసాయ సంక్షోభం' అని మొదలుపెడతారు, రెండో సెమిస్టర్‌కల్లా కాగితాల కుప్ప తప్ప ఏమీ మిగలదు. సమస్యలో ఎవరు, ఏది, ఎక్కడ, ఎప్పటి నుంచి అన్న నాలుగూ ఉండాలి. 'ఫలానా మండలంలో, కౌలు కార్డు ఉన్న రైతుల్లో, గత మూడు ఖరీఫ్‌లలో పంట రుణం ఎందరికి అందింది, అందనివారికి ఎక్కడ ఆగింది' అన్నది పని చేయదగ్గ ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబుదారీ అయిన అధికారి హోదా ఒక్కటైనా చెప్పలేకపోతే ఇంకా పెద్దగానే ఉందన్నమాట.

తర్వాత చరిత్ర. కౌలు విషయంలో అది లేకుండా ఏదీ అర్థం కాదు. తెలంగాణ ప్రాంతంలో 1950 నాటి కౌలు చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించి, వాళ్లకు భూమి దక్కే దారి కూడా ఇచ్చింది. కాగితం మీద కౌలుదారు పేరెక్కితే పొలం పోతుందన్న భూయజమాని భయానికి మూలాలు అంత లోతున ఉన్నాయి. 2011లో ఉమ్మడి రాష్ట్రం సాగుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం తెచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఇందులో సాగుదారుకు ఇచ్చే కార్డు గడువు 11 నెలలు, పైగా యజమాని సంతకం కావాలి. తెలంగాణలో 2018లో రైతుబంధు ఎకరాకు సీజన్‌కు 4,000 రూపాయలతో మొదలైనప్పుడు పట్టాదారుకే ఇచ్చారు, కౌలుదారును కలపలేదు. ఒక్కో తేదీ దగ్గర ఆగి 'ఇది ఎవరి భయాన్ని తీర్చడానికి ఇలా రాశారు' అని అడగండి. పాలిటిక్స్ పేపర్లో చెప్పే సిద్ధాంతాలు అప్పుడు ఎముకా మాంసం తొడుక్కుంటాయి.

జీవో చదవడం

జీవో నంబరు ముందున్న అక్షరాలు చూడండి. ఎంఎస్ అంటే విధానం, నిబంధన లాంటి బరువైన ఉత్తర్వు. ఆర్‌టీ అంటే రొటీన్: మంజూరు, బదిలీ, బిల్లు.

ఎక్కువమంది 'ఉత్తర్వు' అన్న మాట దగ్గర నుంచి చదువుతారు. దానికి పైన 'ఈ కిందివి చదవండి' అంటూ 1, 2, 3 నంబర్లతో పాత జీవోలు, లేఖలు ఉంటాయి. అసలు నిధి అదే. ఆ జాబితా పట్టుకుని వెనక్కి నడిస్తే ఆలోచన ఎక్కడ పుట్టింది, ఏ కమిషనర్ ఏ తేదీన ప్రతిపాదించారు, ఎన్ని నెలలు నానింది అన్నీ తెలుస్తాయి. తర్వాత చివరి పేరాలకు దూకండి. డబ్బుతో ముడిపడిన ఉత్తర్వుల్లో ఆర్థిక శాఖ సమ్మతి ఇచ్చినట్టు ఒక యూవో (శాఖల మధ్య నడిచే అంతర్గత నోట్) నంబరు, ఖర్చు రాయాల్సిన పద్దు ఉండాలి. ఖర్చున్న పథకానికి ఆ వాక్యం లేదంటే, ప్రకటన వచ్చింది గానీ డబ్బు ఇంకా రాలేదని అనుమానించాల్సిందే.

బడ్జెట్‌లో డబ్బు వెతకడం

పద్దు అంకెలకు భయపడొద్దు, వాటికో వ్యాకరణం ఉంది. మొదటి నాలుగంకెలు మేజర్ హెడ్. అందులో తొలి అంకె 2 లేదా 3 అయితే రెవెన్యూ ఖర్చు, 4 లేదా 5 అయితే పెట్టుబడి ఖర్చు, 6 లేదా 7 అయితే ప్రభుత్వం ఇచ్చిన అప్పులు. 2202 సాధారణ విద్య, 2210 వైద్యం, 2401 పంటల సాగు, 2425 సహకారం. మన ప్రశ్నకు చివరి రెండూ తెరవాలి.

బడ్జెట్ పుస్తకంలో ఒకే పథకానికి నాలుగు అంకెలుంటాయి: రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు, నిరుటి అంచనా, దానికి సవరించిన అంచనా, ఈ ఏటి అంచనా. పత్రికల్లో వచ్చేది చివరిది. ఎక్కువ విషయం చెప్పేది మొదటిది. 100 కోట్లు కేటాయించి 12 కోట్లు ఖర్చు పెట్టిన పథకం మీద 'కేటాయింపు పెంచాలి' అని సిఫారసు రాస్తే పరువు పోతుంది. అక్కడ జబ్బు కేటాయింపులో లేదు, విడుదలలోనో అర్హతల్లోనో ఉంది. కేటాయింపు, పాలనా మంజూరు, బడ్జెట్ విడుదల, ట్రెజరీ చెల్లింపు నాలుగు వేర్వేరు మెట్లు. ఏ మెట్టు మీద ఆగిందో తేల్చడమే పబ్లిక్ ఫైనాన్స్ పేపర్ మీకు నేర్పాల్సింది. కాగ్ ఏటా ఇచ్చే వినియోగ పద్దుల నివేదికలో మిగుళ్లు, వాటికి శాఖలు చెప్పిన కారణాలు ఉంటాయి. కారణాలు చెప్పలేదన్న వాక్యం కూడా తరచూ ఉంటుంది.

లెక్కలు, వాటి గోతులు

జిల్లా లెక్కలు పోల్చేటప్పుడు ముందు సరిహద్దులు చూసుకోండి. తెలంగాణ జిల్లాలు 2016 అక్టోబరులో 10 నుంచి 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 2011 జనగణనలోని అనంతపురం, ఇప్పటి అనంతపురం ఒకటి కావు. పేరు ఒకటే కదా అని పక్కపక్కన పెట్టి 'జనాభా తగ్గింది' అని రాసిన వ్యాసాలకు కొదవ లేదు. మండలాల నుంచి మళ్లీ కూర్చుకుని పోల్చాలి.

రైతు కుటుంబాల మీద జాతీయ నమూనా సర్వే 77వ రౌండ్ 2019లో జరిగింది. కేంద్ర గణాంక శాఖ వెబ్‌సైట్‌లో నమోదు చేసుకుంటే కుటుంబాల వారీ డేటా దొరుకుతుంది. రెండు తప్పులు మాత్రం చేయొద్దు. ప్రతి కుటుంబానికీ ఇచ్చిన బరువు (అది ఎన్ని కుటుంబాలకు ప్రతినిధో చెప్పే అంకె) వేయకుండా సగటు కట్టొద్దు. రాష్ట్రానికి సరిపడే నమూనాతో జిల్లాకు జవాబు చెప్పొద్దు. ఒక జిల్లాలో దొరికే కౌలు కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేంతే ఉండొచ్చు.

రుణాల సంగతికి అంతకంటే మంచి చోటు రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ సమావేశాల పుస్తకాలు. ఆంధ్రప్రదేశ్‌లో దాని కన్వీనర్ యూనియన్ బ్యాంక్, తెలంగాణలో స్టేట్ బ్యాంక్. మూడు నెలలకోసారి కూర్చుంటారు, మినిట్స్ వెబ్‌సైట్లలో పెడతారు. ప్రభుత్వం ఏం కోరింది, బ్యాంకులు ఏ మాట చెప్పి తప్పుకున్నాయి అన్నది అక్కడ దాదాపు సంభాషణలా కనిపిస్తుంది.

సమాచార హక్కు దరఖాస్తు

మిగతా ఖాళీలు దీంతో పూరించాలి. గ్రామ స్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజులు. రాకపోతే, లేదా సగమే వస్తే, 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. దానికి 30 రోజులు, గరిష్ఠంగా 45. అంటే చెడ్డ రోజుల్లో కాగితం చేతికొచ్చేసరికి మూడున్నర నెలలు. ఏప్రిల్‌లో డిసర్టేషన్ ఇవ్వాల్సిన విద్యార్థి ఆగస్టులో దరఖాస్తు పెట్టాలి, జనవరిలో కాదు. రెండో అప్పీలు కమిషన్‌కు వెళుతుంది, దాన్ని కాలపట్టికలో లెక్క వేసుకోవద్దు.

'కౌలు రైతులకు రుణాలు ఎందుకు ఇవ్వడం లేదు?' అని అడిగితే తిరస్కరిస్తారు, అది తప్పు కూడా కాదు. రికార్డులో ఉన్నదాన్ని ఇవ్వడమే వాళ్ల బాధ్యత, కారణాలు వివరించడం కాదు. ఇలా అడగండి: 'మీ మండలంలో గత మూడు వ్యవసాయ సంవత్సరాల్లో జారీ చేసిన సాగుదారు కార్డుల సంఖ్య, గ్రామాల వారీగా, తిరస్కరించిన దరఖాస్తుల సంఖ్య, ఈ విషయంపై జిల్లా కార్యాలయానికి పంపిన నివేదికల నకళ్లు.' నిర్ణయం వెనుక ఆలోచన కావాలంటే ఫలానా జీవోకు సంబంధించిన నోట్ ఫైల్ నకలు అడగాలి. కారణాలు అందులోనే ఉంటాయి. అన్నట్టు, దరఖాస్తుకు ముందు ఆ శాఖ సెక్షన్ 4(1)(బి) కింద తనంతట తాను పెట్టాల్సిన 17 అంశాలు వెబ్‌సైట్‌లో ఉన్నాయేమో చూడండి. ఉన్నదాన్నే అడిగి నెల పోగొట్టుకోవడం ఎందుకు?

ఊళ్లో కూర్చుని అడగడం

రైతును యజమాని ఎదుట కౌలు గురించి అడిగితే 'కౌలేమీ లేదండీ, మేమే చూసుకుంటున్నాం' అంటాడు. రచ్చబండ దగ్గర నలుగురిలో అడిగినా అంతే. పొలం గట్టు మీదో, సాయంత్రం ఇంటి దగ్గరో విడిగా మాట్లాడాలి.

'మీకు బ్యాంకు రుణం వస్తోందా?' అన్న ప్రశ్నకు అవును, కాదు తప్ప ఏమీ రాదు. 'పోయిన ఖరీఫ్‌కు మొదటి ఎరువు బస్తా డబ్బులు ఎవరి దగ్గర తెచ్చారు?' అనండి. అక్కడి నుంచి కథంతా వస్తుంది: ఎరువుల కొట్టు అరువు, ధాన్యం ఆ కొట్టుకే వేయాలన్న షరతు, కౌలు ఎకరాకు ఎన్ని బస్తాలు అన్నది. డెల్టాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలని లెక్క కడతారు, మీ ప్రాంతంలో ఎంతో అడిగి రాసుకోండి.

వడ్డీ దగ్గర పట్నం పిల్లలు తప్పకుండా పడే గుంట ఒకటుంది. 'రెండు రూపాయల వడ్డీ' అని రైతు చెబితే ఫారంలో 2 శాతం అని రాసేస్తారు. అది నూటికి నెలకు రెండు రూపాయలు. ఏడాదికి 24 శాతం. ఎకరాకు 25,000 అప్పు తెచ్చి ఆరు నెలల్లో తీరిస్తే వడ్డీ 3,000 రూపాయలు. అదే సొమ్ము పంట రుణంగా వచ్చి, గడువులోపు కట్టేవారికి పడే 4 శాతం లెక్కన అయితే 500. ఆ 2,500 రూపాయల తేడాయే మీ పరిశోధన అంతా. దాన్ని తప్పుగా రాసుకుంటే మిగతా పనంతా ఏట్లో కలిసినట్టే.

పేర్లు, సర్వే నంబర్లు వేరే పుస్తకంలో పెట్టి తాళం వేయండి. రిపోర్టులో రైతు-1, రైతు-2 అంటే చాలు. మీ కాగితం యజమాని కంటబడి వచ్చే ఏడు ఆ రైతుకు పొలం దక్కకపోతే దానికి ఏ యూనివర్సిటీ నష్టపరిహారం ఇవ్వదు.

రెండు పేజీల నోట్

800 మాటలు, అంతకు మించొద్దు. మొదటి వాక్యంలోనే ఏ నిర్ణయం కావాలో ఉండాలి. 'భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం' అని మొదలైన నోట్‌ను ఏ కార్యదర్శీ రెండో వాక్యం దాకా చదవరు. ఇలా మొదలుపెట్టొచ్చు: 'సాగుదారు కార్డున్న రైతుల గ్రూపులకు ఇచ్చే పంట రుణాల్లో మొండి బకాయిని 5 శాతం వరకు ప్రభుత్వం భరించే హామీపై నిర్ణయం కోరడమైనది.'

నేపథ్యం ఐదారు పంక్తులు. తర్వాత మూడు దారులు, వాటిలో ఒకటి 'ఉన్నదున్నట్టు వదిలేయడం' అయి తీరాలి. యజమాని సంతకం తీసేయడం రెండో దారి: ఖజానాకు ఖర్చు లేదు, చట్ట సవరణ కావాలి, భయపడిన యజమానులు ఏటా కౌలుదారును మార్చే ప్రమాదం ఉంది. హామీతో గ్రూపు రుణం మూడోది. దాని ఖర్చు కట్టి చూపాలి. ఊహకు ఒక మండలంలో 3,000 మంది, తలా 2 ఎకరాలు, ఎకరాకు 30,000 రుణం అనుకుంటే మొత్తం 18 కోట్లు. 5 శాతం హామీ అంటే ప్రభుత్వం మీద పడేది ఎక్కువలో ఎక్కువ 90 లక్షలు.

అడ్డు ఎవరు చెబుతారో కూడా రాయండి. అదే సర్వే నంబరు మీద యజమాని ఇప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే, ఒకే పొలానికి రెండు రుణాలు ఎలా ఇస్తామని బ్యాంకు మేనేజర్ అంటాడు. ఆయన మాటలోనూ న్యాయముంది. ఇక్కడే విద్యార్థులు 'బ్యాంకులను ప్రభుత్వం ఆదేశించాలి' అని రాసి చతికిలబడతారు. బ్యాంకులు రిజర్వ్ బ్యాంకు నిబంధనల కింద ఉంటాయి. రాష్ట్రం కోరగలదు, బ్యాంకర్ల కమిటీలో ఒత్తిడి తేగలదు, హామీ ఇవ్వగలదు, ఆదేశించే అధికారం మాత్రం దానికి లేదు. ప్రతి సిఫారసు పక్కన 'దీని మీద సంతకం పెట్టే అధికారం ఎవరిది' అని ఒక గడి పెట్టుకోండి. గడి ఖాళీగా ఉంటే ఆ సిఫారసు కొట్టేయండి.

ఇంటర్న్‌షిప్

ఢిల్లీ పేరు మీద మోజు పక్కన పెట్టి, కనీసం ఒకటి జిల్లాలో చేయండి. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే చోట నాలుగు వారాలు కూర్చుని, వచ్చినవాటిని శాఖల వారీగా, ఎన్నోసారి వచ్చారన్న లెక్కతో వర్గీకరిస్తే ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని పట్టిక తయారవుతుంది. అర్జీ పరిష్కారమైనట్టు కంప్యూటర్ చూపితే అర్జీదారు పని అయిందని కాదు, కింది ఆఫీసుకు పంపినట్టు కూడా కావచ్చు. రెండింటినీ వేర్వేరు గడుల్లో రాయండి. ఉపాధి హామీ సామాజిక తనిఖీ బృందంతో తిరగడం మరో మంచి అవకాశం. మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) చేతిలో పట్టుకుని ఇంటింటికీ వెళ్లి సరిచూడటం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికి చూపించిన పని.

పరీక్షలు, ఉద్యోగాలు

సివిల్స్ ప్రిలిమ్స్ సాధారణంగా మే నెలాఖరులోనో జూన్‌లోనో ఉంటుంది, మీ ఆఖరి సెమిస్టర్, డిసర్టేషన్ ఏప్రిల్, మే నెలల్లో. రెండో ఏడాదిలో మొదటి ప్రయత్నం చేస్తే రెండూ చెడే అవకాశమే ఎక్కువ. జనరల్ అభ్యర్థికి ఉన్నవి ఆరు ప్రయత్నాలే, ఒకటి ఇలా ఖర్చు పెట్టుకోవద్దు. మొదటి ఏడాది వేసవిలో ప్రిలిమ్స్ పుస్తకాలు ఒక చుట్టు చదివి, పట్టా చేతికొచ్చాక పూర్తిగా దిగడం మేలు.

పరీక్షలు కాక ఉన్న దారుల్లో పార్లమెంటు సభ్యుల దగ్గర పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్ ఒకటి. దానికి వయసు 25 లోపు ఉండాలి కాబట్టి పీజీ అయ్యాక చూద్దాంలే అనుకుంటే దాటిపోవచ్చు. శాఖల్లోని ప్రాజెక్టు యూనిట్లు కన్సల్టెంట్లను తీసుకుంటాయి, కానీ అవి కాంట్రాక్టు కొలువులు. ప్రాజెక్టు మూసేస్తే కుర్చీ కూడా తీసేస్తారు. చేరేముందు కాలపరిమితి, జీతం ఏ పద్దు నుంచి వస్తుందో అడగండి. పద్దులు చదవడం మీకు ఈపాటికి వచ్చే ఉంటుంది. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు మార్కుల జాబితాతో పాటు ఆ రెండు పేజీల నోట్, దాని వెనకున్న జీవోల వరుస, ఆర్టీఐ జవాబులు ఒక ఫైల్లో పెట్టుకెళ్లండి. అడిగిన ప్రతి అంకెకూ అందులోంచి కాగితం తీసి చూపించగలగాలి.